పునరుత్థానం మీద నమ్మకం కష్టంలో నిజంగా ఓదార్పు ఇస్తుందా?

మీరు అడిగింది రెండు ముక్కల్లో: చనిపోయినవాళ్లు ఒకరోజు లేస్తారన్న నమ్మకం ఇవాళ్టి కష్టంలో పనికొస్తుందా, లేక మనల్ని మనం మభ్యపెట్టుకోవడమా? భర్త పోయిన స్నేహితురాలికి ఈ మాట చెప్పొచ్చా? మా అమ్మ రెండేళ్లు డయాలసిస్ మీద ఉండి పోయింది. నాకు తెలిసింది అక్కడ తెలిసిందే.

మాది గుంటూరు దగ్గర పల్లె, లూథరన్ కుటుంబం. వారానికి మూడుసార్లు తెల్లవారుజామున అమ్మను బస్సెక్కించేవాణ్ని. అప్పట్లో ఆరోగ్యశ్రీ ఉండబట్టి డయాలసిస్‌కి డబ్బు కట్టక్కర్లేకపోయింది. కానీ ఛార్జీలు, బయట కొనే మందులు, నాకు పోయే పనిరోజులు... అప్పు ఎలాగూ అయింది. అన్నిటికన్నా దాహం ఆవిడకి పెద్ద శిక్ష. రోజుకి కొలిచిన నీళ్లే. ఎండాకాలం ఐసు ముక్క నోట్లో పెట్టుకుని కూర్చునేది. డయాలసిస్ సూదుల కోసం ఎడమచేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేశారు. సూదులు గుచ్చీ గుచ్చీ అక్కడ నరం తాడులా ఉబ్బిపోయింది, వేలు పెడితే లోపల జుమ్మని కొట్టుకునేది. ఎవరైనా వస్తే ఆ చేతిని కొంగుతో కప్పేసుకునేది.

ఆ రోజుల్లో పరలోకం గురించి ఎవరేం చెప్పినా నాకు ఎక్కేది కాదు. "ఈ దేహం మట్టే కదా బాబూ, ఆత్మే ముఖ్యం" అనేవాళ్లు. మట్టే అయితే దాని కోసం ఇంత తిప్పలు ఎందుకు పడుతున్నట్టు? ఒక ఆదివారం చర్చిలో మేం నమ్మేదేంటో అందరం కలిసి పలికే విశ్వాస ప్రమాణం చెబుతుంటే, చిన్నప్పట్నుంచి నోటికొచ్చిన ముక్కే కొత్తగా తగిలింది. శరీర పునరుత్థానమును నమ్ముచున్నాను. శరీరానిదే! లేచిన యేసు తన శిష్యుడు తోమాకి చూపించింది కూడా మేకుల గుర్తులున్న చేతులే కదా. అంటే అమ్మ దాచుకునే ఆ చెయ్యి దేవుడు పారేసే వస్తువు కాదు. నన్ను ఆదుకున్నది ఇదే. కిడ్నీ పరీక్షలో చూసే క్రియాటినిన్ తగ్గలేదు, అప్పూ తగ్గలేదు. బస్సులో ఆ చెయ్యి పట్టుకుని కూర్చోగలిగాను, అంతే.

అమ్మ పోయిన రోజు మాత్రం ఈ నమ్మకమే గుచ్చుకుంది. "ప్రభువునందు నిద్రించింది, విశ్వాసులం మనం ఏడవకూడదు" అని ఓ పెద్దాయన నా భుజం నొక్కాడు. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ బైబిల్లో అపొస్తలుడు పౌలు థెస్సలొనీకయులకు రాసింది నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దని, అసలు దుఃఖపడొద్దని కాదు. చనిపోయిన తన స్నేహితుడు లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడు. ఆయనకి లేని రూలు నాకెందుకు?

మభ్యపెట్టుకోవడమా అంటే, క్రీస్తు లేవకపోతే మన విశ్వాసం వ్యర్థమేనని 1 కొరింథీ 15లో పౌలే ఒప్పుకున్నాడు. కాబట్టి మీ అనుమానం పాపమేం కాదు. నా దగ్గర రుజువూ లేదు. మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు, మన బైబిల్లో ఆశకి అదే మాట. నాకు రెండూ కలిసిపోయాయి. ఈస్టర్ ముందురోజు సమాధి మీద గడ్డి పీకి సున్నం వేస్తాం, మర్నాడు చీకటుండగానే కొవ్వొత్తులతో వెళ్తాం. మొదటి ఏడాది గాలికి నా కొవ్వొత్తి ఆరిపోతూనే ఉంది. పక్క సమాధి దగ్గర కూర్చున్న పిన్ని తన దాంతో వెలిగిస్తూనే ఉంది. "క్రీస్తు లేచెను" అన్నప్పుడు "నిజముగా లేచెను" అనడానికి నాకు గొంతు పెగల్లేదు. ఆవిడ నా వంతు కూడా గట్టిగా చెప్పింది.

మీ స్నేహితురాలికి చెప్పొచ్చు, మొదటి వారంలో మాత్రం వద్దు. ముందు క్యారియర్ పట్టుకెళ్లండి, పిల్లల్ని స్కూల్లో దింపండి, ఆయన గురించి ఆవిడ ఏం చెప్పినా వినండి. వాక్యం చదవమని ఆవిడే అడిగితే లాజరు కథ ఉన్న యోహాను 11 తీయండి. యేసు ఏడ్చిన 35వ వచనం దగ్గర ఆగిపోయినా ఫర్వాలేదు.