డ్రయ్యర్ తిరుగుతూనే ఉంటుంది, బట్టలు మాత్రం ఆరవు

అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్ళు తరచూ అడుగుతుంటారు: "డ్రయ్యర్ గంటన్నర తిరిగినా జీన్స్ నడుం దగ్గర తడి పోవట్లేదు. మెషిన్ పాతదైపోయిందా?" మామూలు లోడ్ ముప్పావుగంట నుంచి గంటలోపు ఆరిపోవాలి. అంతకు మించి పడుతోందంటే అందరూ వేడి తగ్గిందనుకుంటారు. నేనైతే ముందు గాలిని అనుమానిస్తాను.

వేడి తగిలి బట్టల్లోని తడి ఆవిరవుతుంది, సరే. ఆ ఆవిరిని బయటికి మోసుకుపోవాల్సింది గాలే. గాలి పోయే దారి మూసుకుపోతే ఆవిరి డ్రమ్ములోనే ఉండిపోతుంది. ముసురుపట్టిన రోజు దండెం మీద బట్టలు ఎంతసేపటికీ ఆరవు కదా, అలాగే. పైగా వేడి లోపలే పేరుకుని మెషిన్‌లోని థర్మోస్టాట్ (వేడి హద్దు దాటకుండా చూసే మీట) హీటర్‌ని మాటిమాటికీ ఆపేస్తుంది. దాంతో ఇంకా ఆలస్యం.

లింట్ జల్లెడ, అంటే బట్టల నుంచి రాలే నూలు పీచుని పట్టే జల్లెడ, ప్రతి లోడ్‌కీ దులపాలని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. చెప్పనిది ఒకటుంది. వాసన కోసం బట్టలతో పాటు డ్రయ్యర్‌లో వేసే పల్చటి డ్రయ్యర్ షీట్లు వాడే ఇళ్ళలో ఆ జల్లెడ మీద కంటికి కనపడని జిడ్డు పొర పడుతుంది. కుళాయి కింద పెట్టి చూడండి. నీళ్ళు ధారాళంగా కిందికి పోవాలి. పైనే నిలిచాయంటే గాలి కూడా సరిగ్గా పోవడం లేదన్నమాట. సబ్బునీళ్ళూ, మెత్తటి బ్రష్షుతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టేయండి.

తర్వాత మెషిన్ నడుస్తుండగా ఇంటి బయటికి వెళ్ళి, గోడకున్న వెంట్ (డ్రయ్యర్ గాలి బయటికి పోయే దారి) మూత చూడండి. వెచ్చటి గాలి గట్టిగా కొడుతూ రెక్కలు పైకి లేవాలి. కదిలీ కదలనట్టు ఉంటే మధ్యలో ఎక్కడో అడ్డం ఉంది: నూలు పీచు పేరుకుని ఉండవచ్చు, పిట్టగూడూ కావచ్చు. పిట్టలు రాకుండా ఆ మూతకి దోమల మెష్ లాంటిది కొట్టకండి. పీచు దానికే అంటుకుని నెలల్లో మూసుకుపోతుంది, అందుకే అమెరికా బిల్డింగ్ కోడ్‌లోనూ (ఇళ్ళ నిర్మాణ నిబంధనల్లో) దాన్ని ఒప్పుకోరు.

ఎక్కువ ఇళ్ళలో అసలు దొంగ మెషిన్ వెనకే ఉంటుంది. ఇల్లు మారినప్పుడు డ్రయ్యర్‌ని గోడకి ఆనించి నెట్టేస్తారు. గాలిని వెంట్‌కి చేర్చే వెనకవైపు వెండిరంగు రేకు గొట్టం నలిగిపోతుంది. దాని మడతల్లో పీచు పట్టుకుంటుంది. సొంత ఇల్లైతే దాన్ని తీసేసి 4 అంగుళాల గట్టి మెటల్ గొట్టం వేయించండి. ప్లాస్టిక్‌ది ఉంటే ఈ రోజే మార్చండి, దానికి నిప్పంటుకుంటుంది. గొట్టం ఎంత పొడవుంటే గాలి అంత నీరసిస్తుంది. కోడ్ ప్రకారం మామూలుగా 35 అడుగులు దాటకూడదు, ప్రతి 90 డిగ్రీల మలుపుకీ అందులోంచి 5 అడుగులు తీసేయాలి. లాండ్రీ గది ఇంటి నడిమధ్యలో ఉన్న ఇళ్ళకి తిప్పలన్నీ ఇక్కడే. ఏడాదికోసారి శుభ్రం చేయించడం మంచిది. డ్రయ్యర్ వెంట్ కోసం పిలిస్తే ఇంట్లో ఏసీ డక్టులన్నీ కడగాలని బేరం పెట్టేవాళ్ళుంటారు. అది వేరే పని, దానికి తలూపనక్కర్లేదు.

అద్దె అపార్ట్‌మెంట్‌లో మెషిన్‌ని మీరు లాగకండి. ఆఫీసులో నోటిమాటగా చెప్పి ఊరుకోకుండా, మెయింటెనెన్స్ రిక్వెస్ట్ రాసి పెట్టండి. "డ్రయ్యర్ పనిచేయట్లేదు" అని కాక "బయట వెంట్‌లో గాలి రావట్లేదు" అని రాస్తే, వచ్చినవాళ్ళు సూటిగా గొట్టం దగ్గరికే వెళ్తారు. గ్యాస్ డ్రయ్యర్ అయితే మరీ జాగ్రత్త. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. చలికాలంలో గది వెచ్చగా ఉంటుందని గొట్టాన్ని ఇంట్లోకి వదిలారో, ప్రాణాల మీదికి వస్తుంది.

గాలి బాగానే వస్తోంది గానీ చల్లగా ఉందనుకోండి, అప్పుడు వేడి సంగతి చూడాలి. కరెంటు డ్రయ్యర్‌కి 240 వోల్టులు, రెండు కరెంటు లైన్లకీ కలిపి జంట బ్రేకర్ (తేడా వస్తే కరెంటు ఆపేసే స్విచ్) ఉంటుంది. రెండు లైన్లలో ఒకటి పోయినా డ్రమ్ము 120 వోల్టులతో తిరుగుతూనే ఉండవచ్చు, హీటర్ మాత్రం వెలగదు. బ్రేకర్‌ని పూర్తిగా ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేయండి. మళ్ళీ పడిపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే.

ఒక్కోసారి తప్పు డ్రయ్యర్‌ది కాదు. వాషర్‌లో స్పిన్ తక్కువ పెడితే బట్టలు నీళ్ళోడుతూ బయటికొస్తాయి. డ్రమ్ము నిండా కుక్కినా, దుప్పటి మిగతావాటిని మూటకట్టినా అంతే. ఆటో సెట్టింగ్‌లో తడిగానే ఆగిపోయి, టైమ్ పెడితే ఆరుతుంటే, డ్రమ్ములో తడిని పసిగట్టే రెండు సెన్సర్ పట్టీలని రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవండి. అక్కడా డ్రయ్యర్ షీట్ల జిడ్డే. వాషర్, డ్రయ్యర్ రెండూ ఒకే డ్రమ్ములో ఉండే రకం, బయటికి గొట్టం లేనిది, కొన్ని గంటలు తీసుకోవడం సహజం. దానికి రిపేరు అక్కర్లేదు.

ఇక మన ఇళ్ళకి ప్రత్యేకమైన సంగతి. తలంటి పోసుకున్నాక తల తుడిచిన తువ్వాళ్ళు, వంటనూనె ఒలికితే తుడిచిన గుడ్డలు డ్రయ్యర్‌లో వేయకండి. ఉతికినా నూనె పూర్తిగా వదలదు. ఆ వేడికి నూనె తనంతట తనే రాజుకుని మంటలు లేచే ప్రమాదం ఉందని మెషిన్ మాన్యువల్స్‌లోనే రాసి ఉంటుంది. నూనె వాసన ఇంకా వస్తుంటే మరోసారి వేడినీళ్ళలో ఉతికి, బాత్రూమ్‌లో షవర్ కర్టెన్ కర్ర మీదే ఆరేయండి. మిగతా బట్టల్ని కూడా డ్రయ్యర్ ఆగగానే తీసేసి విడివిడిగా పరచండి, వేడిగా కుప్పపోసి వదిలేయకండి.