ఆ గుమ్మం దగ్గర ఇంకొంచెం ఆగు

నాయనా,

నీ కథ చదివాను. టెక్సాస్‌లోని డల్లాస్‌లో మన చిత్తూరు జంట, పిల్లాడి చేతి మీద గాయం చూసి బళ్లో టీచర్ ఫిర్యాదు చేయడం, పిల్లల సంరక్షణ శాఖవాళ్లు ఇంటికి రావడం, ఇంతవరకూ బాగా కుదిరింది. కానీ తలుపు కొట్టారో లేదో నాలుగు మాటల్లో పిల్లాణ్ని కారెక్కించేశావు. నాకు అక్కడే ప్రాణం ఉసూరుమంది. కథంతా ఆ గుమ్మంలోనే ఉందబ్బా.

అమెరికా రాజ్యాంగానికి నాలుగో సవరణ ఉంది, ప్రభుత్వం మనుషులు ఊరికే ఇళ్లలో జొరబడి సోదా చేయకూడదని. అది పోలీసులకే కాదు, పిల్లల శాఖవాళ్లకూ వర్తిస్తుందని టెక్సాస్ కేసులు వినే ఐదో సర్క్యూట్ కోర్టు 2008లో స్పష్టంగా చెప్పింది. కోర్టు ఆర్డరన్నా ఉండాలి, పిల్లాడికి అప్పటికప్పుడు ప్రమాదమన్నా ఉండాలి, లేదా ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి. ఈ మూడోది ఉంది చూడు, నీ కథకు అదే ఆయువుపట్టు. గుమ్మంలోకి మనిషి వస్తే మనవాళ్లు ఏమంటారు? రండి, కూర్చోండి, కాఫీ తాగుతారా అంటారు. ఆ తల్లి మర్యాద కోసం అన్న మాటే అక్కడ లోపలికి రావడానికి అనుమతి అయిపోతుంది. ఇంత పెద్ద విషయం చేతిలో పెట్టుకుని కారు రంగు గురించి రాశావు!

ఇంకోటి, నీ కథ ఏ ఏడాది జరుగుతోందో తేల్చుకో. 2023లో టెక్సాస్‌లో చట్టం మార్చారు. మాట్లాడక్కర్లేదని, లాయర్ని పెట్టుకోవచ్చని, ఆర్డర్ లేకపోతే లోపలికి రానివ్వక్కర్లేదని వచ్చిన అధికారే నోటితోనూ చెప్పాలి, కాగితం మీదా ఇవ్వాలి. అంతకుముందు జరిగిన కథైతే ఆ తల్లికి తెలియదు, సరే. తర్వాతిదైతే కాగితం చేతిలో ఉంది, ఆఫీసులో రోజంతా ఇంగ్లీషులోనే పనిచేసే మనిషి, అయినా వద్దు అనలేకపోయింది. ఎందుకు? వీసా టెన్షనా, తప్పు చేసినవాళ్లే తలుపేసుకుంటారని మనం నేర్పిన పెంపకమా? అది నువ్వే కనిపెట్టాలి.

ఆ అధికారిని మాత్రం రాక్షసిని చేయొద్దు. పిల్లల్ని ఒళ్లు వాచేలా కొట్టే ఇళ్లు డల్లాస్‌లోనూ ఉన్నాయి, మన తిరుపతిలోనూ ఉన్నాయి. నేను అలాంటి పిల్లల్ని చూశాను, అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నా. తల్లిదండ్రుల హక్కు నిజం, పిల్లాడి ఒంటి మీద దెబ్బ కూడా నిజం. నీ కథలో ఆ గాయం ఎలా అయిందో ఎక్కడా లేదు.

చివర్లో జడ్జి ఒక్క పూటలో పిల్లాణ్ని శాశ్వతంగా తీసేసుకున్నట్టు రాశావే, అది జరగదు. పిల్లాణ్ని తీసుకెళ్తే సాధారణంగా 14 రోజుల్లో ఇరుపక్షాలూ వాదించుకునే విచారణ పెట్టాలి. తల్లిదండ్రుల హక్కులు పూర్తిగా రద్దు చేయాలంటే అనుమానం చాలదు, స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యం కావాలని అమెరికా సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. ఆ 14 రోజులూ రాయి. చిత్తూరులో అవ్వ ఉంది కదా, ఆమె ఎవరో లాయర్ని అడిగి, మన దేశంలో 2015 బాల న్యాయ చట్టం ప్రకారం పిల్లాణ్ని 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టాలంట, నువ్వు గట్టిగా అడుగు అని కూతురికి ఫోన్ చేస్తుంది. అక్కడ ఆ చట్టం చెల్లదు. అది తెలిసి కూడా కూతురు అలాగేనమ్మా అంటుంది, చూడు.

తిరగరాసి పంపు, మళ్లీ చదువుతాను. గాయం సంగతి తేల్చుకున్నాకే మొదలుపెట్టు.