బాగున్నప్పుడూ ఇన్‌హేలర్ వాడాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41. గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాని. చాలా ఏళ్లుగా ఉబ్బసం. రోజూ రెండుపూటలా పీల్చమని బుడెసోనైడ్-ఫార్మోటెరాల్ రాశారు, ఆయాసం వస్తే సాల్బుటమాల్ పంపు. సీజన్‌లో ఘాటుకు తట్టుకోలేక రెండూ వాడతాను, తగ్గాక మానేస్తాను. నలుగురిలో పంపు తీయాలంటే మొహమాటం, స్కూటీ డిక్కీలోనే ఉంచుతాను. అలవాటైపోతుందని ఇంట్లో భయం. బాగున్నప్పుడూ వాడాలా?
- ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: వాడాలండీ. పిల్లికూతలు లేని రోజున కూడా శ్వాసనాళాల లోపలి పొరలో వాపు ఉంటుంది. బుడెసోనైడ్ దాన్ని రోజుల తరబడి మెల్లగా తగ్గిస్తుంది. పీల్చగానే ఆ తేడా తెలియదు, అందుకే నా పేషెంట్లలో ఎక్కువమంది మొదట మానేసేది దాన్నే. సాల్బుటమాల్ నిమిషాల్లో నాళాలను వదులు చేస్తుంది, నాలుగైదు గంటల్లో దాని పని అయిపోతుంది. వాపు జోలికి పోదు. అందుకే 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు పెద్దవాళ్లకు సాల్బుటమాల్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దంటున్నాయి. ఏడాదిలో మూడు పంపులు ఖాళీ చేస్తున్నారంటే జబ్బు అదుపులో లేనట్టే.

ఇంట్లోవాళ్లకు ఈ లెక్క చెప్పండి. బుడెసోనైడ్ ఒక స్టెరాయిడ్. మీరు ఒకసారి పీల్చేది 100 నుంచి 400 మైక్రోగ్రాములు, అదీ నేరుగా ఊపిరితిత్తుల్లోకి. మందు మానేసి ఆయాసం ముదిరితే మింగించే స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్ రోజుకు 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు, ఒళ్లంతా తిరుగుతుంది. పీల్చే మందు అలవాటైపోయేది కాదు. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి, చాలు.

డిక్కీ మాత్రం వద్దు. 30 డిగ్రీలు దాటని చోట ఉంచాల్సిన మందు అది, మార్చి ఎండలో డిక్కీ సంగతి మీకు తెలుసు. పైగా ఆయాసం ముంచుకొచ్చినప్పుడు పార్కింగ్ దాకా నడవగలరా? చొక్కా జేబులోకి మార్చండి. పక్క గుమస్తాకు ముందే చెప్పి ఉంచండి, ఆ సమయంలో మీకు మాట రాకపోవచ్చు. మీ రోజువారీ మందులోని ఫార్మోటెరాల్ కూడా నిమిషాల్లో నాళాలను వదులు చేసేదే, కాబట్టి బుడెసోనైడ్-ఫార్మోటెరాల్‌నే ఆయాసానికీ వాడుకోవచ్చేమో మీ డాక్టర్‌ని అడగండి, చాలామందికి ఆ పద్ధతి కుదురుతుంది. అప్పుడు జేబులో ఒక్కటే ఉంటుంది. వెళ్లినప్పుడు ఎలా పీలుస్తున్నారో ఆయన ముందు చేసి చూపించండి.

ఒక వాక్యం గుక్క తిప్పుకోకుండా చెప్పలేకపోయినా, పంపు కొట్టాక కూడా ఆయాసం తగ్గకపోయినా ఆగొద్దు. 108కి ఫోన్ చేయించండి, బండి వచ్చేలోగా పంపు వాడుతూనే ఉండండి.