సేఫ్టీ ట్రైనింగ్‌కి వెళ్లాలా, సంతకం పెట్టి వచ్చేస్తే చాలా?

మండపేట దగ్గర రైస్ మిల్లులో కొత్తగా సూపర్‌వైజర్ అయ్యానని, రెండు రోజుల సేఫ్టీ ట్రైనింగ్‌లో కూర్చోవాలా, లేక హాజరు పట్టీలో సంతకం పెట్టి వచ్చేస్తే చాలా అని అడిగారు కదండీ. కూర్చోండి. నేనూ ఒకసారి సంతకం పెట్టి వచ్చేసినవాణ్నే.

అప్పట్లో తాడేపల్లిగూడెం వైపు ఒక మిల్లులో షిఫ్టు చూసేవాణ్ని. దాళ్వా ధాన్యం దిగే రోజులు, గేటు బయట లారీలు వరసకట్టి ఉన్నాయి. కరెంటు పోయింది. ధాన్యాన్ని బెల్టు మీది బకెట్లతో పైకి ఎత్తే ఎలివేటర్ అడుగున ధాన్యం కూరుకుపోయింది. "కరెంటొచ్చేలోపు తీసెయ్, త్వరగా" అన్నాను హెల్పర్‌తో. అతను కింద తలుపు తీసి చెయ్యి పెట్టాడు. ఇంతలో కరెంటొచ్చింది. పానెల్ దగ్గరున్న కుర్రాడికి కింద మనిషి ఉన్నాడని తెలీదు, రోజూలాగే ఆకుపచ్చ బటన్ నొక్కాడు. బకెట్ తగిలి రెండు వేళ్ల చివర్లు పోయాయి. ఆ రోజు నేను తిట్టింది పానెల్ కుర్రాణ్ని. త్వరగా అన్నది నేనే.

తర్వాత మళ్లీ ట్రైనింగ్‌కి పంపితే ఈసారి బుద్ధిగా కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా హెల్మెట్లు, పోస్టర్లు, నిద్రొచ్చింది, దాచడమెందుకు. అప్పుడు చెప్పేవాయన సంచిలోంచి ఎర్ర తాళం తీసి బల్ల మీద పెట్టాడు. మిషన్లో ఎవరు చెయ్యి పెడతారో వాళ్లే మెయిన్ స్విచ్‌కి తాళం వెయ్యాలి. తాళంచెవి వాళ్ల జేబులోనే ఉండాలి, సూపర్‌వైజర్ జేబులో కూడా కాదు. ముగ్గురు దిగితే మూడు తాళాలు. వేశాక స్టార్ట్ బటన్ నొక్కి చూసి, తిరగకపోతేనే చెయ్యి పెట్టాలి. ఎలివేటర్‌తో ఇంకో చిక్కుంది: కరెంటు లేకపోయినా ఒకవైపు బకెట్లలో ధాన్యం బరువుకి బెల్టు వెనక్కి తిరగొచ్చు. అది కదలకుండా బిగించాకే పని.

మా స్విచ్‌కి అసలు తాళం పట్టే కన్నమే లేదు! ఎలక్ట్రీషియన్‌కి ఒక పూట పని అయింది, అంతే.

1948 ఫ్యాక్టరీల చట్టంలో సేఫ్టీ ఆఫీసర్‌ని పెట్టాల్సిన లెక్క మామూలుగా 1000 మంది పనివాళ్ల దగ్గర మొదలయ్యేది. మన మిల్లుల్లో అంతమంది ఎక్కడండీ? ఆ పని మీ నెత్తినే పడుతుంది.

ఓషా 30 గంటల కోర్సు సంగతి కూడా అడిగారు. అది అమెరికా కార్మిక శాఖ వాళ్లది. పనివాళ్లకి 10 గంటలు, సూపర్‌వైజర్లకి 30. అది ప్రమాదాల గురించి పరిచయమే, పని చేసే చోట ఇవ్వాల్సిన శిక్షణకి బదులు కాదని వాళ్లే చెబుతారు. చేస్తే చెయ్యండి గానీ ముందు మీ మిల్లు అంతా ఒకసారి తిరిగి, ఏ స్విచ్ ఏ మోటారుదో రాసుకోండి.

హెల్పర్లు బీహారు వాళ్లయితే గోడకి తెలుగు బోర్డు కొట్టి లాభం లేదు. నాకొచ్చిన హిందీ నాలుగు ముక్కలే. "చాబీ కిస్‌కే పాస్?" అంటాను, తాళంచెవి ఎవరి దగ్గరుంది అని. ఎవరో ఒకరు జేబు తట్టి చూపించేదాకా పానెల్ దగ్గర్నుంచి కదలను.