రెండు మ్యాచులు ఓడినా కప్పు ఎలా వచ్చింది?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అబ్బాయి అమెరికాలో కొలంబస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. 2024 డిసెంబరు 1, ఆదివారం పొద్దున్నే ఫోన్ చేస్తే ఎవరో పోయినట్టు మాట్లాడాడు, తీరా అడిగితే కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ ఓడిపోయిందట. జనవరిలో అదే టీమ్ దేశానికి ఛాంపియన్ అయిందని గంతులు. మా ఊరి కబడ్డీ పోటీల్లో ఒక్కటి ఓడితే సంచి సర్దుకోవాల్సిందే, వీళ్లు రెండు ఓడి కప్పు ఎలా కొట్టారండీ?
- ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ముందు ఆట సంగతి చెప్తాను, లేకపోతే మిగతాది బుర్రకెక్కదు. పేరు ఫుట్‌బాలే గానీ ఇది కబడ్డీకి దగ్గర. పక్కకి 11 మంది, 100 గజాల మైదానం, రెండు కొసలూ మొనదేలిన బంతి. బంతి ఉన్న జట్టుకి 4 ప్రయత్నాలిస్తారు, వాటిలో 10 గజాలు ముందుకు పోతే మళ్లీ 4, పోలేదంటే బంతి అవతలివాళ్లది. మన డూ ఆర్ డై రైడ్ ఉంది చూడండి, నాలుగో ప్రయత్నంలో అచ్చం అదే టెన్షన్. అవతలి గీత దాటిస్తే 6 పాయింట్లు, దూరం నుంచే తన్ని స్తంభాల మధ్యకి పంపితే 3.

మీవాడి టీమ్ ఒహాయో స్టేట్. మొదటి ఓటమి అక్టోబరు 12న ఓరెగాన్ చేతిలో, 32-31. ఇంకా 10 సెకన్లు ఉందనగా ఓరెగాన్ 11 మందికి బదులు 12 మందిని దింపింది. తప్పేనని 5 గజాలు ఇచ్చారు, కానీ ఆ ఒక్క ప్రయత్నంలో 4 సెకన్లు కరిగిపోయాయి, వాటిని మాత్రం ఎవరూ వెనక్కివ్వలేదు. మిగిలిన 6 సెకన్లలో మీవాళ్లలో బంతి విసిరే ముఖ్య ఆటగాడు విల్ హోవర్డ్ బంతి పట్టుకుని పరిగెత్తి కిందికి జారేసరికి గడియారంలో సున్నా! 3 పాయింట్ల కోసం స్తంభాల మధ్యకి తన్నే అవకాశమే రాలేదు. అలాంటి ఎత్తు మళ్లీ ఎవరూ వెయ్యకుండా కొద్దిరోజుల్లోనే రూల్ బిగించారు, మీవాళ్లకి ఒరిగిందేమీ లేదనుకోండి.

మీవాడు దిగాలుపడింది రెండోదానికి. నవంబరు 30న, సొంత ఊళ్లో, లక్షమందికి పైగా పట్టే స్టేడియంలో, అప్పటికే 5 మ్యాచులు ఓడివున్న మిషిగన్ వచ్చి 13-10తో కొట్టేసి పోయింది. మిషిగన్ అంటే వీళ్లకి తరాల పగ, పైగా వరసగా నాలుగో ఓటమి. మ్యాచ్ అయ్యాక వాళ్లు మైదానం నడిబొడ్డున తమ జెండా పాతబోతే కొట్లాట మొదలై, పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టేదాకా వెళ్లింది. పాతపట్నం కుర్రాళ్లు మీ ఊళ్లో గెలిచి మీ గ్రౌండ్‌లోనే జెండా పాతితే మీవాళ్లు ఊరుకుంటారా చెప్పండి! కోచ్ ర్యాన్ డేని పీకెయ్యమని అభిమానులు ఒకటే గోల.

ఇక కప్పు లెక్క. 2023 సీజన్ దాకా ఆఖరి పోటీకి నాలుగే జట్లు. ఆ పద్ధతి నడిచిన పదేళ్లలో రెండు ఓడిన జట్టు ఒక్కటి కూడా అందులోకి రాలేదు. సరిగ్గా 2024లోనే దాన్ని 12 జట్లు చేశారు, ఒక కమిటీ కూర్చుని ఎంచుతుంది, మీవాళ్లకి 8వ స్థానం దక్కింది. మీ కబడ్డీ రూల్ అక్కడి నుంచి మొదలవుతుంది, ఓడితే ఇంటికే. టెనెసీని 42-17, తర్వాత అదే ఓరెగాన్‌ని 41-21 (ఒక దశలో 34-0, బాకీ వడ్డీతో సహా తీరింది), టెక్సస్‌ని 28-14, ఫైనల్లో నోటర్ డేమ్‌ని 34-23. మొత్తం 14 గెలుపులు, 2 ఓటములు.

ఆ ఫైనల్ మనకి జనవరి 21 పొద్దున్న ఆరింటికి. నేను బరంపురంలో మా బావమరిది ఇంట్లో చూశాను. 31-7 మీద ఉన్నాం కదా అని టీ పెట్టుకోడానికి లేచాం, వచ్చేసరికి తేడా తగ్గుతోంది, కాసేపటికి 31-23. మూడో ప్రయత్నం, ఇంకా 11 గజాలు కావాలి. జాగ్రత్తగా టైమ్ గడిపేస్తారులే అనుకుంటే, హోవర్డ్ ఏకంగా ఫస్టియర్ కుర్రాడు జెరమయా స్మిత్‌కి పైనుంచి విసిరాడు, 56 గజాలు! టీ అలాగే చల్లారిపోయింది.

ప్రశ్న: ఆ ఆడేవాళ్లు నిజంగా చదువుకునే పిల్లలేనా? డబ్బులిస్తారా?
- డిగ్రీ విద్యార్థి, రాయగడ

జవాబు: విద్యార్థులే. 2021 జులై నుంచి తమ పేరు మీద ప్రకటనలవీ చేసుకుని సంపాదించుకోనిచ్చారు. కప్పు కొట్టిన ఆ సీజన్‌లో ఒహాయో స్టేట్ ఆటగాళ్లకి అలా వచ్చింది సుమారు 2 కోట్ల డాలర్లని వాళ్ల క్రీడావిభాగం పెద్దే చెప్పాడు. 2025 జులై నుంచి యూనివర్సిటీలే నేరుగా ఇవ్వొచ్చు. కప్పు కొన్నారని ఏడ్చేవాళ్లున్నారు, నాకైతే లక్షమందిని కుర్చీల్లో కూర్చోబెట్టే కుర్రాడికి నాలుగు డబ్బులు రావడంలో తప్పేమీ కనపడదు.

ప్రశ్న: మా మనవడూ అక్కడే. శనివారం ఫోన్ చేస్తే విసుక్కుంటాడు, ఎప్పుడు చెయ్యమంటారు?
- ఒక బామ్మ, గుణుపురం

జవాబు: బామ్మగారూ, శనివారమే కదా ఈ మ్యాచులు. అక్కడ మధ్యాహ్నం 12కి మ్యాచ్ అంటే మనకి రాత్రి 9:30, నవంబరు మొదటి ఆదివారం నుంచి 10:30. అక్కడి రాత్రి మ్యాచులైతే మనకి ఆదివారం తెల్లవారుజాము. మ్యాచ్ మూడున్నర గంటలు సాగుతుంది. ఆదివారం సాయంత్రం చెయ్యండి, అప్పుడే నిద్రలేస్తాడు. ముందు స్కోరు ఎవరినైనా కనుక్కుని మరీ చెయ్యండి.