బండి సందేహాలు: బోరింగ్ చేయించిన ఇంజిన్‌కు ఏ నంబరు ఆయిల్?

ప్రశ్న: మా పాత అంబాసిడర్ (1489 సీసీ పెట్రోల్) ఇంజిన్ దించి బోరింగ్ చేయించాం. ఓవర్‌సైజ్ పిస్టన్లు, 10 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) గ్రైండింగ్ చేసిన క్రాంక్, కొత్త బేరింగులు, కొత్త క్యామ్, ట్యాపెట్లు (క్యామ్ మీద ఆడుతూ వాల్వులను తెరిచేవి) పడ్డాయి. మెకానిక్ 20డబ్ల్యూ-50 పొయ్యమంటున్నాడు. ఆయిల్ షాపులో సింథటిక్ 5డబ్ల్యూ-30 అంటున్నారు. లారీలవాళ్లేమో 15డబ్ల్యూ-40 చాలంటున్నారు. ఎవరి మాట వినమంటారు?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: ముందు లారీలవాళ్ల మాట, తర్వాత మెకానిక్ మాట వినండి. షాపాయన మాట వదిలేయండి.

పాత బండి కాబట్టి చిక్కటి ఆయిల్, ఇంజిన్ కొత్తదైంది కాబట్టి పల్చనిది అనే లెక్క కుదరదు. క్రాంక్ జర్నల్‌కీ (బేరింగులో తిరిగే నున్నటి భాగం) బేరింగుకీ మధ్య ఎంత ఖాళీ ఉందన్నది చూడాలి. క్రాంక్‌ను 10 థౌ అరగదీస్తే బేరింగు కూడా దానికి తగ్గ మందమైనదే వేస్తారు కనుక ఖాళీ మళ్లీ కంపెనీ కొలతకే రావాలి. మోటు లెక్కన జర్నల్ వ్యాసం 25 మి.మీ.కు 0.025 మి.మీ. చొప్పున, అంటే 50 మి.మీ. జర్నల్‌కు 0.05. లేత్ షాపువాళ్లను ఆ కొలత అడగండి. నీళ్లు నమిలితే ప్లాస్టిగేజ్ (నొక్కితే నలిగే ప్లాస్టిక్ పోగు) పెట్టి చూడమనండి. జర్నల్ మీద నూనె తుడిచి, ఆ సన్నటి పోగు ముక్కను జర్నల్ పొడవునా పెట్టి, బేరింగు క్యాప్‌ను సరైన టార్క్‌కు బిగించి విప్పితే, నలిగిన పోగు వెడల్పును బట్టి ఖాళీ తెలిసిపోతుంది. మధ్యలో క్రాంక్ తిప్పారో, కొలత పోయినట్టే. ఖాళీ 0.08 మి.మీ. దాటితే చిక్కటి 50 నంబరు ఆయిల్‌తో ఒత్తిడి గేజు ముల్లు లేస్తుంది గానీ జబ్బు లోపలే ఉంటుంది. బేరింగులు మార్చాల్సిందే.

ఇక నంబర్ల సంగతి. ముందు అంకె చలిలో స్టార్టింగ్‌కు, వెనకది 100 డిగ్రీల వేడిలో చిక్కదనానికి. 20డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 15 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. మన జిల్లాలో పుష్యమాసం తెల్లవారుజామున కూడా ఆ బెంగ లేదు, 5డబ్ల్యూకి డబ్బు పెట్టడం దండగ.

మొదటి 500 కి.మీ.కు మినరల్ 15డబ్ల్యూ-40, సీఐ-4 రకం డీజిల్ ఇంజిన్ ఆయిల్ పోయండి. పారబోసే ఆయిల్‌కు సింథటిక్ ఎందుకు? పైగా మీ ఇంజిన్ ట్యాపెట్లు చదునైనవి, క్యామ్ మీద రాసుకుంటూ పనిచేస్తాయి. వాటిని కాపాడేది ఆయిల్‌లో కలిపే జింక్-ఫాస్ఫరస్ మందు. కొత్త పెట్రోల్ కార్ల 20, 30 నంబరు ఆయిళ్లలో సైలెన్సర్‌లో పొగను శుద్ధి చేసే కన్వర్టర్ పాడవకుండా ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి పరిమితం చేశారు. సీఐ-4లో సాధారణంగా అంతకంటే ఎక్కువే ఉంటుంది.

స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసి, కాయిల్ వైరు విప్పి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. 15 సెకన్లకోసారి ఆపకపోతే సెల్ఫ్ మోటారు మాడుతుంది. స్టార్ట్ అయ్యాక స్లోలో వదలొద్దు. 20 నిమిషాలు 2000 ఆర్‌పీఎం దగ్గర ఉంచండి, నీళ్ల వేడి కనిపెడుతూ. క్యామ్‌కు ఆయిల్ అందేది ఎక్కువగా క్రాంక్ చిమ్మే తుంపర్లతోనే. స్లోలో ఆ తుంపర చాలక కొత్త క్యామ్ ఆ కాసేపట్లోనే అరిగిపోతుంది.

తర్వాత హైవే ఎక్కి మూడో గేర్లో 40 నుంచి 60కి గట్టిగా తొక్కి, కాలు తీసి మళ్లీ 40కి రానివ్వండి. ఇలా పదిసార్లు చేయండి. తొక్కినప్పుడు గ్యాసు ఒత్తిడి రింగుల వెనక చేరి వాటిని బోరుకు అదిమి కూర్చోబెడుతుంది. మెల్లగా పాకించిన ఇంజినే తర్వాత ఆయిల్ తాగుతుంది.

500 కి.మీ.కు దించిన ఆయిల్‌లో సన్నటి మెరుపు మామూలే. గోటికి తగిలే రేకులుంటే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము, అంటుకోకుండా రాగి రంగుంటే బేరింగు పోతున్నట్టు. అంతా బాగుంటే ఫిల్టర్ మార్చి, ఇక మెకానిక్ చెప్పిన 20డబ్ల్యూ-50కి మారండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు 1000 ఆర్‌పీఎంకు 10 పీఎస్‌ఐ చొప్పున ఒత్తిడి ఉంటే చాలు. ఆయిల్ లైటును నమ్మకండి, అది వెలిగేసరికే ఆలస్యమైపోతుంది.

ప్రశ్న: స్విఫ్ట్ పెట్రోల్ ఇంజిన్ రింగులు మార్చాక కూడా పొగ వస్తోంది. మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అని ఉంది. 20డబ్ల్యూ-50 పోస్తే ఆగుతుందా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: పొయ్యకండి. ఆ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితోనే నడుస్తుంది. చిక్కటి ఆయిల్ పైకి చేరడం ఆలస్యమై పొద్దున్నే చైన్ గలగలలాడుతుంది. పొగ ఎప్పుడొస్తోందో చూడండి. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలంగా వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు. తొక్కినంతసేపూ వస్తుంటే రింగులు కూర్చోలేదు, లేదా బోరు హోనింగ్ (లోపలి గోడకు పెట్టే సన్నటి గీతలు) సరిగా పడలేదు. సీళ్లయితే హెడ్ దించకుండా కూడా మార్చగల మెకానిక్కులున్నారు.

ప్రశ్న: ఇంజిన్ పని చేయించిన బొలెరో డీజిల్. ఆయిల్ మార్చిన రెండు రోజులకే నల్లబడింది. కల్తీ ఆయిలేమో? సాలూరు ఘాట్ మీదుగా కోరాపుట్ లోడు వెళ్లాలి.
– ఒక పాఠకుడు, గజపతినగరం

జవాబు: డీజిల్ ఇంజిన్‌లో మసి ఆయిల్‌లో కలవడం సహజం, నలుపును బట్టి కల్తీ అనలేం. డిప్‌స్టిక్ మీద మట్టం చూడండి. అది పెరుగుతుంటే, వాసన డీజిల్‌లా ఉంటే, పంపు సీలు నుంచో ఇంజెక్టర్ నుంచో డీజిల్ దిగుతోంది, బండి ఆపేయాలి. పాలలా తెల్లబడితే హెడ్ గ్యాస్‌కెట్ నుంచి నీళ్లు చేరుతున్నట్టు. ఇవేవీ లేకపోయినా మొదటి 500 కి.మీ. పూర్తయ్యేదాకా లోడుతో ఘాట్ ఎక్కించొద్దు.