తక్కువ డౌన్‌పేమెంట్‌తో ఇల్లు కొంటే బ్యాంకు చెప్పే ఇన్సూరెన్స్ తప్పదా?

శ్రీకాకుళంలో 30 లక్షల ఫ్లాట్ చూశామని, చేతిలో మూడు లక్షలే ఉన్నాయని, 27 లక్షల లోన్‌తో పాటు లక్ష రూపాయల ప్రీమియంతో ఇన్సూరెన్స్ కూడా తీసుకోవాలని బ్యాంకువాళ్లు అంటున్నారని రాశారు. 20 శాతం కంటే తక్కువ కడితే ఇన్సూరెన్స్ తప్పదని అమెరికాలో ఉన్న మీ బావగారు కూడా అన్నారట. ఆయన చెప్పింది అక్కడికి సరిపోతుంది. ఇక్కడ ఆ రూలు లేదండీ.

అక్కడ దాన్ని పీఎంఐ అంటారు. కొన్నవాళ్లు వాయిదాలు ఎగ్గొడితే బ్యాంకు నష్టపోకుండా ఉండటానికి అది. డబ్బు మాత్రం కొన్నవాళ్లే కట్టాలి. 1998లో వచ్చిన చట్టం వల్ల, అప్పు ఇంటి మొదటి విలువలో 80 శాతానికి దిగాక దాన్ని తీసేయమని అడగొచ్చు. 78 శాతానికి దిగితే, వాయిదాలు సరిగ్గా కడుతున్నవాళ్లకి అడగకుండానే తీసేయాలి.

మీకు ఇస్తామంటున్నది మీ ప్రాణం మీద పాలసీ. మీకేమైనా అయితే మిగిలిన అప్పు అది తీరుస్తుంది. పిల్లలున్నవాళ్లకి అలాంటి రక్షణ ఉండి తీరాలని నేనూ గట్టిగా అంటాను. కానీ హోమ్‌లోన్‌కి జీవిత బీమా తప్పనిసరి అని రిజర్వు బ్యాంకు గానీ, బీమా కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ గానీ ఎక్కడా చెప్పలేదు. పైగా ఆ లక్షని లోన్‌లోనే కలిపేస్తారు. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకి దాని ఒక్కదానికే ఈఎంఐ నెలకి 868 రూపాయలు. అంటే చివరికి కట్టేది 2 లక్షల 8 వేల పైనే.

నేను బలగ వైపు ఫ్లాట్ కొన్నప్పుడు లోన్ కాగితాల కట్టలో ఈ ఫారం కూడా పెట్టారు. "ఇది తీసుకుంటేనే లోన్ ఇస్తామని లెటర్ మీద రాసివ్వండి సార్" అని మర్యాదగానే అడిగాను. ఎవరూ రాసివ్వలేదు, లోన్ మామూలుగానే శాంక్షన్ అయింది. ఆ నెలలోనే బయట 50 లక్షల టర్మ్ పాలసీ, అంటే గడువులోపు నాకేమైనా అయితే ఇంట్లోవాళ్లకి డబ్బు వచ్చే జీవిత బీమా, తీసుకున్నాను. లోన్ వేరే బ్యాంకుకి మార్చుకున్నా, ముందే తీర్చేసినా అది నాతోనే ఉంటుంది. విజయనగరంలో ఉన్న మా తోడల్లుడు మాత్రం బ్యాంకు ఇచ్చిన పాలసీయే తీసుకున్నాడు. తర్వాత కాగితం తీసి చూస్తే లోన్ 20 ఏళ్లు, పాలసీ ఐదేళ్లు! ఐదేళ్ల తర్వాత మా మరదలి మీద అప్పంతా పడితే ఏం చేయాలి? అందుకే బ్యాంకు పాలసీయే తీసుకోవాలనుకుంటే ముందు గడువు చూడండి. ఇద్దరి జీతాల మీద లోన్ అయితే ఇద్దరికీ కవర్ ఉందో లేదో కూడా చూడండి. సంతకానికి ముందు కేఎఫ్‌ఎస్ అనే కాగితం, అంటే లోన్ వడ్డీ, ఖర్చులు, షరతులు ఒకచోట చూపించే పత్రం, అడిగి తీసుకోండి. లోన్‌తో పాటు వసూలు చేసే ఇన్సూరెన్స్ ఖర్చు అందులో కనిపించాలి.

మీ లెక్కలో నాకు అసలు భయం వేసింది వేరే చోట. 30 లక్షల లోపు లోన్‌కి ఇంటి ధరలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు గానీ, మీ ఫ్లాట్ ధరకి రిజిస్ట్రేషన్ ఖర్చుని ఆ లెక్కలో కలపరు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి 7.5 శాతం. 30 లక్షలకి 2 లక్షల 25 వేలు. మీ మూడు లక్షలూ డౌన్‌పేమెంట్‌కే పోతే ఇది ఎక్కడి నుంచి తెస్తారు? అడ్వాన్సు ఇచ్చే ముందే దీనికి దారి చూసుకోండి. బయట వడ్డీకి మాత్రం తేవద్దు.

ఒక్కటి మాత్రం వద్దనకండి, ఇంటి మీద చేసే ఇన్సూరెన్స్. దాన్ని బ్యాంకు అడగడంలో న్యాయం ఉంది. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లా ఏమైందో చూశాం కదా. భారత్ గృహ రక్ష అనే పాలసీలో తుఫాను, వరద, అగ్నిప్రమాదం అన్నీ ఉంటాయి. అదీ ఫలానా కంపెనీ దగ్గరే తీసుకోవాలని లేదు, రెండు మూడు చోట్ల ప్రీమియం కనుక్కుని తీసుకోండి.